కడుపునొప్పి - లైపేజ్ పరీక్ష

మామిడికాలం వచ్చిందంటే మా ముసునూరు ప్రాంతంలో కడుపునొప్పికి కారణం సిద్ధంగా ఉంటుంది: "రసాలు ఎక్కువ తిన్నాడండీ!" వెంటనే వాము నీళ్లు, ఇంగువ, సోడా. సామాన్యమైన అజీర్ణానికి వాము, ఇంగువలను నేనూ ఇస్తాను. అయితే పొట్ట పైభాగాన హఠాత్తుగా మొదలై, వీపులోకి పొడుచుకుపోతూ, ఎడతెగని వాంతులతో, ముందుకు వంగితే కొంత ఉపశమించే శూల వేరు. దానికి వంటింటి వైద్యం తగదని గురుకులంలో చదివిన వైద్యుడిగానే చెబుతున్నాను. అటువంటి రోగికి కషాయమో విరేచనౌషధమో ఇచ్చి తెల్లవారేదాకా చూద్దామనడం వైద్యం కాదు, కాలహరణం.

జీర్ణాశయం వెనుక ఉండే క్లోమగ్రంథి వాచినప్పుడు ఇటువంటి నొప్పి వస్తుంది. (ప్రాచీనులు చెప్పిన క్లోమం ఇదేనా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఆ చర్చ రోగి లేచి కూర్చున్నాక చేసుకోవచ్చు.) పిండిపదార్థాలను అరిగించే అమైలేజ్‌ను, కొవ్వును అరిగించే లైపేజ్‌ను ఈ గ్రంథి చిన్నప్రేవులోకి పంపుతుంది. గ్రంథి దెబ్బతింటే, గండిపడిన కాలువ నీరు పొలానికి పోక ఊళ్లోకి వచ్చినట్లు, అవి రక్తంలోకి అధికంగా చేరతాయి.

రెండింటిలో లైపేజ్ పరీక్షే నమ్మదగినది. అమైలేజ్ సాధారణంగా 3 నుంచి 5 రోజుల్లో మామూలు స్థాయికి దిగిపోతుంది. లైపేజ్ వారం దాటినా కనిపిస్తుంది. పైగా అమైలేజ్ లాలాజలంలోనూ ఉంటుంది కనుక గవదబిళ్లల్లో కూడా పెరుగుతుంది. చెప్పిన తరహా నొప్పి ఉండి, నివేదికలోని గరిష్ఠ పరిమితికి 3 రెట్లు, ఆపైన వస్తే క్లోమశోథగా నిర్ధారిస్తారు. అంకె పెద్దదైనంత మాత్రాన వ్యాధి తీవ్రమైనదని కాదు.

నొప్పి ఏదీ లేనివారు ఆరోగ్య ప్యాకేజీల పేరిట ఈ పరీక్ష చేయించుకోవడం నా దృష్టిలో దండగ. మూత్రపిండాల వ్యాధిలోనూ ఈ అంకెలు కొంత పెరుగుతాయి. అది చూసి ఇంటిల్లిపాదీ బెంగపడతారు. ఇక దీర్ఘకాలిక క్లోమవ్యాధిలో లైపేజ్ మామూలుగానే ఉండవచ్చు. జిడ్డుగా విరేచనమవుతూ బరువు తగ్గుతున్నవారు ఆ అంకెను నమ్మి ఊరుకోరాదు.

పిత్తాశయంలో రాళ్లు, మద్యపానం ముఖ్య కారణాలు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 1000 దాటినా ప్రమాదమే. మద్యం సంగతి పరువుకోసం డాక్టరు వద్ద దాచకండి. గుండెపోటు కూడా కొందరిలో కడుపునొప్పిగానే వస్తుంది కనుక ఇ.సి.జి. తీయించాలి. నూజివీడో, ఏలూరో, ఏది దగ్గరైతే ఆ ఆసుపత్రికి రాత్రికి రాత్రే బయలుదేరండి. పథ్యం సంగతి ఇంటికి వచ్చాక మాట్లాడుకుందాం.