నైపుణ్యం ఎవరి ఆస్తి?

“పొలం పోవచ్చు, ఇల్లు పోవచ్చు, చేతిలో ఉన్న పని ఎక్కడికీ పోదు. అది ఉంటే ఏ దేశంలోనైనా బతకవచ్చు.” దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, సరూర్‌నగర్ ప్రాంతాల్లోని శిక్షణ కేంద్రాలన్నీ ఈ ఒక్క సూత్రం మీద నడుస్తున్నాయి. నల్లగొండ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ, ఖమ్మం నుంచీ పాలిటెక్నిక్ డిప్లొమాతోనో, ఐటిఐ సర్టిఫికెట్టుతోనో వచ్చిన కుర్రవాడు ఇక్కడ హాస్టల్లో ఒక మంచం అద్దెకు తీసుకుని, కంప్యూటరు మీద నక్షాలు గీయడం నేర్చుకుంటాడు. ఆటోక్యాడ్ వస్తే దుబాయి, దోహా, రియాద్. పైచదువు కూడా తోడైతే అమెరికా. నేనూ ఆ దారిన పోయినవాణ్ణే. 2012 నుంచి 2018 దాకా కతార్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి వచ్చి, ఇప్పుడు సరూర్‌నగర్‌లో ఇళ్ళకు ప్లాన్లు గీసి బతుకుతున్నాను. ఈ సూత్రం ఎంతవరకు నిజమో పరీక్షించే హక్కు నాకు కొంత ఉన్నదనుకుంటాను.

శిక్షణ కేంద్రాలవాళ్ళు ఈ మాట అనడంలో వింత లేదు. వాళ్ళు సరుకు అమ్ముకుంటున్నారు. వింత ఏమిటంటే, మన అభ్యుదయ మిత్రులు కూడా ఇదే మాటను తలకిందులు చేసి అంటారు. “ఎండలో కాంక్రీటు మోసేవాడు కార్మికుడు. ఏసీ గదిలో కూర్చుని గీతలు గీసేవాడు మధ్యతరగతివాడు. వాడికి నైపుణ్యమనే పెట్టుబడి ఉంది. వాడి కష్టాలు వర్గసమస్య కాదు.” ఒకరు పొగడడానికీ, మరొకరు తీసిపారెయ్యడానికీ వాడుతున్నా, ఇద్దరి మాటకూ పునాది ఒక్కటే: నైపుణ్యం దాన్ని నేర్చుకున్నవాడి ఆస్తి అని. ఈ పునాదే డొల్ల అని నా వాదం.

ఆస్తి అంటే ఏమిటి? యజమాని అనుమతి లేకుండా నేను వాడుకోగలిగేది, అమ్ముకోగలిగేది, మరొక చోటికి తీసుకుపోగలిగేది. పాత డ్రాఫ్ట్స్‌మన్‌కు ఇలాంటి ఆస్తి కొంత ఉండేది. దేశంలో ఐటిఐల పథకం మొదలైంది 1950లో. ఆ తరం డ్రాఫ్ట్స్‌మన్ బల్ల, టీ స్క్వేరు, మూలమట్టాలు, ఇంకు పెన్నులు ఒకసారి కొనుక్కుంటే అవి జీవితాంతం అతనివే. ఉద్యోగం ఊడితే ఆ పెట్టె చంకన పెట్టుకుని మరొక గుమ్మం ఎక్కేవాడు. అతను ధనవంతుడు కాడు, స్వతంత్రుడూ కాడు. కాని పనిముట్టు అతనిది.

ఇప్పుడు పనిముట్టు ఎవరిది? ఆటోక్యాడ్ 1982లో అమెరికాలో పుట్టింది. అప్పట్లో డబ్బు ఇచ్చి కొన్నవాడు దాన్ని ఎన్నేళ్ళయినా వాడుకునేవాడు. ఒక వ్యక్తి, తాను కొన్న పాత ఆటోక్యాడ్ ప్రతులను తిరిగి అమ్ముకోబోతే కంపెనీ అడ్డుకుంది. వ్యవహారం కోర్టుకెక్కింది. 2010లో అమెరికా ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. డబ్బు తీసుకున్నా కంపెనీ అమ్మింది సాఫ్ట్‌వేరు కాదట, వాడుకునేందుకు అనుమతి మాత్రమేనట! 2016 జనవరి 31 తరువాత ఆ కంపెనీ ఈ సాఫ్ట్‌వేరుకు శాశ్వత లైసెన్సులు అమ్మడమే మానేసింది. ఇప్పుడు నెలకో, ఏడాదికో అద్దె కట్టాలి. కట్టడం మానిన మరునాడు తలుపు మూసుకుంటుంది. విద్యార్థులకు మాత్రం ఉచితం. పదిమందికి పని నేర్పించి, నేర్చుకున్నవాడు జీతానికి చేరినప్పటి నుంచి అద్దె వసూలు చెయ్యడం దానధర్మం కింద జమకట్టవలసిన పని కాదు.

నక్షా సంగతీ అంతే. డ్రాఫ్ట్స్‌మన్ గీసిన గీత ఏ రూపంలో ఫైలుగా భద్రమవుతుందో కంపెనీ బయటికి చెప్పలేదు. ఆ ఫైలును విప్పి చదవడానికి ఇతర సాఫ్ట్‌వేరు కంపెనీలు 1998లో ఒక కూటమి కట్టవలసివచ్చింది. గీసిన చెయ్యి నాది; గీతను దాచిన పెట్టె తాళం మరొకరిది.

పనిముట్టు తరువాత నివాసం సంగతి. స్వదేశంలో పని పోయినవాడు ఆకలితో ఉండవచ్చుగాని, ఇక్కడ ఉండడం నేరం కాదు. పరదేశంలో ఉద్యోగం పోతే ఉండే హక్కు కూడా పోతుంది. కతార్‌లో నేనున్న రోజుల్లో విదేశీ ఉద్యోగి ఉద్యోగం మారాలంటే పాత యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇవ్వకపోతే దేశం వదిలి రెండేళ్ళు తిరిగి రాకూడదు. దేశం దాటి సెలవు మీద పోవాలన్నా యజమాని సంతకం ఉండాలి. దీన్నే కఫాలా అంటారు. పనివాడి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అక్కడ 2009లోనే చట్టం వచ్చింది. నా పాస్‌పోర్టు మాత్రం నాలుగేళ్ళపాటు కంపెనీ బీరువాలోనే ఉంది.

ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మా నాన్న పోయినప్పుడు నాకు దేశం దాటే అనుమతి కావాలి. సంతకం పెట్టవలసిన అధికారి సెలవులో ఉన్నాడు. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను ఒక మెట్రో స్టేషను మెట్ల డ్రాయింగులు సరిచేస్తూ కూర్చున్నాను, ఎందుకంటే గడువు దగ్గర పడింది. కర్మకాండకు అందాను; దహనానికి అందలేదు. ఆ అధికారి దుర్మార్గుడు కాడు. తిరిగి వచ్చాక నన్ను పరామర్శించాడు కూడా. ఒక మనిషి కదలికను మరొక మనిషి సంతకానికి కట్టివేసినప్పుడు, ఆ సంతకం పెట్టేవాడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నకు అర్థం లేదు.

తరువాత మార్పులు వచ్చాయి. 2018లో చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు. 2020లో అభ్యంతరం లేదన్న కాయితం కూడా తీసేశారు. ఈ మార్పులు అంతర్జాతీయ కార్మిక సంఘాల ఒత్తిడి వల్లా, ఫుట్‌బాల్ ప్రపంచకప్ పేరుతో ప్రపంచం కళ్ళు అటు తిరగడం వల్లా వచ్చాయిగాని పాలకుల దయవల్ల కాదు. అయితే 2018 చట్టంలో ఒక మెలిక పెట్టారు. పని స్వభావాన్ని బట్టి, తన పనివాళ్ళలో 5 శాతానికి మించకుండా, ఫలానావాళ్ళు నా అనుమతి లేకుండా పోరాదని యజమాని కోరవచ్చు. ఆ జాబితాకు ఎక్కేది ఎవరు? ఇనుప చువ్వలు వంచేవాడా? వాడి స్థానంలో మరొకడు దొరుకుతాడు. పని తెలిసినవాణ్ణే కట్టిపడేస్తారు. నైపుణ్యం స్వేచ్ఛనిస్తుందన్న సూత్రానికి ఇంతకన్నా మంచి జవాబు ఏ చట్టమూ చెప్పలేదు.

ఇది ఎడారి రాజుల పద్ధతి, ప్రజాస్వామ్య దేశాల్లో ఇలా ఉండదు అంటారా? అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, 2017 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా మరొక యజమాని దొరకాలి, లేదా వేరే వీసాకు మారే దారి చూసుకోవాలి. రెండూ కాకపోతే పెట్టె సర్దుకోవాలి. స్థిరనివాసం కోరితే ఏ ఒక్క దేశంవారికీ ఉద్యోగాల కోటాలో 7 శాతానికి మించి దక్కకూడదన్నది 1990 చట్టం. దానితో మన దేశంవాళ్ళ వరుస ఏళ్ళకేళ్ళు కదలదు. వరుసలో ఉన్నవాడు యజమానికి ఎదురు చెప్పడు. ఒకచోట కఫీలు, మరొకచోట స్పాన్సరు. మాట మారింది, తాడు మారలేదు.

ఇప్పుడు ఈ రెండు అద్దెలనూ కలిపి చూడండి. పనిముట్టుకు అద్దె యజమాని కడతాడు. నివాసానికి పూచీ కూడా యజమానే. ఆయన కాదన్న రోజున రెండూ ఒకేసారి పోతాయి. ఆరేళ్ళలో నేను తయారుచేసుకున్న వివరాల భాండాగారం, అంటే కిటికీ అంచులు, పైపుల జోడింపులు, మెట్ల కొలతలు, దేనికదిగా గీసిపెట్టుకున్న వందలాది బ్లాకులు, కంపెనీ కంప్యూటర్లలోనే ఉండిపోయింది. పాత డ్రాఫ్ట్స్‌మన్ తన పెట్టెతో బయటికి వచ్చేవాడు. నేను ఉత్త చేతులతో వచ్చాను.

“తలలో ఉన్నది ఎవడు తీసుకున్నాడు?” అని అడగవచ్చు. తలలో ఉన్నది సరే. పనిముట్టు లేకుండా, నిలబడే చోటు లేకుండా తలలో ఉన్నది సరుకు కాదు, జ్ఞాపకం. ఉత్పత్తి సాధనాల నుంచి విడిపోయినవాణ్ణి మార్క్స్ ఏమన్నాడో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ సంగతిని మనకన్నా ముందే గుర్తించినవాడొకడున్నాడు. మైక్ కూలీ ఐర్లండులో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన ఇంజనీరు, అక్కడ పరాయివాడు. లూకస్ ఏరోస్పేస్‌లో డిజైనరుగా ఉంటూ, డ్రాఫ్ట్స్‌మన్ల యూనియన్ నాయకుల్లో ఒకడయ్యాడు. నక్షాలు గీసే కంప్యూటర్లు ఇంకా వేళ్ళమీద లెక్కించేటన్ని ఉన్న రోజుల్లో, 1972లోనే, వాటివల్ల డిజైనరు పని ఏమవుతుందో ఒక పుస్తకం రాశాడు. ఖరీదైన యంత్రం త్వరగా పాతబడుతుంది గనుక యజమాని దాన్ని రాత్రింబగళ్ళు నడిపిస్తాడు, మనిషి దాని వేగానికి తలవంచాలి, వయసు మీరినవాణ్ణి పక్కకు నెడతారు అన్నది ఆయన వాదం. అంతటితో ఆగలేదు. ఉద్యోగాలు పోతాయన్నప్పుడు లూకస్ కార్మికులూ, డిజైనర్లూ కలిసి, ఆయుధాలకు బదులు సమాజానికి పనికివచ్చే వస్తువులు ఏవి తయారుచేయగలమో చెబుతూ 1976లో దాదాపు 150 వస్తువులతో ప్రణాళిక ఇచ్చారు. యాజమాన్యం తిరస్కరించింది. 1981లో కూలీ ఉద్యోగం ఊడింది. ఓడిపోయారనండి. కాని బల్ల దగ్గర గీసేవాడూ, యంత్రం దగ్గర కోసేవాడూ ఒకే కాయితం మీద సంతకం పెట్టవచ్చునని వాళ్ళు నిరూపించారు.

మనవాళ్ళు అది ఎందుకు చెయ్యడం లేదు? డ్రాఫ్ట్స్‌మన్ తన కింద ఉన్నవాణ్ణి చూసి గర్వపడడం నేర్చుకున్నాడు, అది నిజం. నేను పనిచేసిన చోట ఒకే నక్షాకు యూరపువాడికి ఒక జీతం, మాకు ఒక జీతం. క్యాంటీనులో మా బల్ల వేరు, సైటు కార్మికుల బల్ల వేరు. జాతీయతను బట్టి కులవ్యవస్థ వంటిది అక్కడ ఏర్పడి ఉందని 2020లో ఐక్యరాజ్యసమితి నిపుణురాలు నివేదించింది. కులం అంటే ఏమిటో మనకు ఆమె చెప్పాలా? పైవాడి తన్ను తిని కిందివాడిమీద అది తీర్చుకోవడం మన ఊళ్ళనుంచి మనం మోసుకుపోయిందే. ఈ గర్వాన్ని ఖండించవలసిందే. కాని గర్వం ఉన్నంతమాత్రాన కార్మికుడు కాకుండా పోతాడా?

మన ప్రభుత్వం కూడా అభ్యుదయ మిత్రుల లాగానే ఆలోచించింది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద గల్ఫ్‌కు పోయే కూలీకి అనుమతి తనిఖీ ఉంది. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు ఆ తనిఖీ అక్కరలేదన్నారు. చదువుకున్నవాడు తన్ను తాను కాపాడుకోగలడని తాత్పర్యం. ఆ తనిఖీలో లంచాలూ, లోపాలూ ఉండవచ్చు; అయినా అందులో ఒక ఒప్పందపత్రం ఉంది, ఒక లెక్క ఉంది. డిప్లొమా చదివినవాడు ఆ లెక్కలోకే రాడు. వాడి ఒప్పందంలో ఏముందో చూసే నాథుడు లేడు.

అయితే ఎవరూ పోవద్దంటావా అని అడగకండి. బతుకుతెరువు వెతుక్కుంటూ పోవడం తప్పయితే, ఇక్కడ పని చూపనివాళ్ళది ఇంకెంత తప్పు? నేనడిగేవి మూడే.

మొదటిది, ప్రజల డబ్బుతో నడిచే ఐటిఐలు, పాలిటెక్నిక్‌లు అద్దె పనిముట్లకు గిరాకీ పెంచే దుకాణాలు కాకూడదు. 2002 నుంచి అందుబాటులో ఉన్న ఫ్రీక్యాడ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను కూడా నేర్పాలి; ముందు గీత సూత్రం, తరువాత మీట. కేరళ ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో నడుస్తూ చూపించాయి. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ సంస్థ ఏళ్ళుగా ఈ ప్రచారం చేస్తున్నది. ఒక హెచ్చరిక: ఫ్రీక్యాడ్ నేర్చుకున్నంత మాత్రాన కఫీలు మాయం కాడు. రెండు తాళ్ళలో ఒకటి వదులవుతుంది, అంతే.

రెండవది, చదువుతో నిమిత్తం లేకుండా పనికోసం పోయే ప్రతివాడి ఒప్పందమూ ప్రభుత్వం నమోదు చెయ్యాలి, దానికి పూచీ పడాలి.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. కతార్‌లో కార్మిక సంఘం పెట్టుకునే హక్కు స్వదేశీయులకే ఉంది, విదేశీయులకు లేదు. కనుక ఆ సంఘం పుట్టవలసింది ఇక్కడే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో వేలాదిమంది ఒకే బల్లల ముందు, ఒకే మీటలు నొక్కుతూ కూర్చుని ఉన్నారు. బ్రిటన్ డ్రాఫ్ట్స్‌మన్లు 1913లోనే సంఘం పెట్టుకున్నారు. పోబోయేవాడికి ఒప్పందం చదివి అర్థం చెప్పేవాళ్ళు, పోయినవాడి జీతం ఆగితే ఇక్కడ గొంతెత్తేవాళ్ళు, తిరిగి వచ్చినవాడి అనుభవం వినేవాళ్ళు ఉండాలి. విద్యార్థి సంఘాలు ఇంజనీరింగు కాలేజీ గేటు దగ్గర ఆగిపోతున్నాయి. ఉపాధ్యాయ సంఘాలు జీతాల సవరణ దగ్గర ఆగిపోతున్నాయి. ఆ గేటు నుంచి ఈ శిక్షణ కేంద్రాల మెట్లదాకా ఉన్న దూరం ఒక బస్సు టిక్కెట్టు. డ్రాఫ్ట్స్‌మన్ కార్మికుడా కాదా అన్న చర్చను సభల్లో చెయ్యడం మానేసి, ఆ మెట్లెక్కి వాణ్ణే అడగండి. నీ పనిముట్టు ఎవరిది, నువ్వు పోబోయే చోట నీ నివాసం ఎవరి చేతిలో ఉంటుంది అని అడగండి. జవాబు చెప్పేలోపల వాడికే తెలిసిపోతుంది, తనది ఏ వర్గమో.