పోయిన ఏళ్లను కట్టుకునే హక్కు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒకే షాపులో పనిచేసి, ఒకే గ్రేడులో, ఒకే సంవత్సరం రిటైరైన ఇద్దరు పాతతరం కార్మికులను ఊహించండి. ఇద్దరూ బి.ఎన్.ఆర్. రోజులలో శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చినవారే. మథురాకటిలో ఇరుగుపొరుగు క్వార్టర్లలో కాపురమున్నవారే. ఒకరికి కన్నుమూసే వరకు నెలనెలా పెన్షను అందినది. ఆయన తరువాత భార్యకు కుటుంబ పెన్షను అందినది. రెండవవారు ప్రావిడెంట్ ఫండు సొమ్ము ఒక్క మొత్తంగా తీసుకుని, కూతురి పెళ్లి చేసి, స్వగ్రామంలో రెండు గదులు వేసి, మిగిలినది పదేళ్లు తిరగకముందే ఖర్చయిపోగా కొడుకుల చేతివైపు చూడవలసి వచ్చినది. ఇద్దరి శ్రమలో తేడా లేదు. తేడా అంతా ఒక కాగితం మీద పెట్టిన సంతకంలో వున్నది.

ఆ కాగితం పేరు ఆప్షన్. 1957 నవంబరు 16న రైల్వేలలో పెన్షను పథకం ప్రవేశపెట్టినారు. అంతవరకు రైల్వే కార్మికునికి వున్నది కంట్రిబ్యూటరీ ప్రావిడెంట్ ఫండు మాత్రమే. ఆ తేదీ నుండి చేరినవారికి పెన్షను తప్పనిసరి; అప్పటికే సర్వీసులో వున్నవారు రెండింటిలో ఒకటి కోరుకోవాలన్నారు. ఫండును కోరుకున్నవారిని అవివేకులని ఈనాడు మనం అనరాదు. ఆనాటి పెన్షను స్వల్పం. ధరలు పెరిగితే అది కూడా పెరుగుతుందన్న హామీ లేదు. చేతికి వచ్చే సొమ్ముతో ఊళ్లో చేను కొనవచ్చునన్న ఆశ వున్నది. పెన్షను మెరుగుపడినదీ, కరువు భత్యం దానికి తోడైనదీ ఆ తరువాత. ఆప్షన్ గడువును ప్రభుత్వం పలుమార్లు తెరచిన మాట నిజమే. 1986 జనవరి 1న సర్వీసులో వున్నవారు వేరుగా కోరుకోకుంటే పెన్షనులోకి వచ్చినట్లే భావించినారు. అయితే అప్పటికే రిటైరైనవారికి ఆ తలుపు తెరవలేదు. పెన్షనర్లను రిటైరైన తేదీనిబట్టి విడదీయరాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, 1990లో కృష్ణకుమార్ కేసులో ఫండు తీసుకున్నవారు వేరే తరగతి అన్నది. వారికి మరల ఆప్షన్ దక్కలేదు.

ఈ పాత కథను తవ్వడానికి కారణమున్నది. 2004 జనవరి 1 తరువాత చేరిన రైల్వే ఉద్యోగుల ముందుకు 2025లో మరొక ఆప్షన్ కాగితం వచ్చినది. ఏప్రిల్ 1 నుండి అమలైన యూనిఫైడ్ పెన్షన్ పథకంలో ఉద్యోగి వాటా పది శాతం, ప్రభుత్వ వాటా పద్దెనిమిదిన్నర శాతం. ఇరవై అయిదేళ్ల సర్వీసు నిండినవారికి చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం పెన్షనుగా ఇస్తామన్నారు. పదేళ్లు నిండినవారికి కనీసం పదివేల రూపాయలన్నారు. జూన్ 30 గడువన్నారు, సెప్టెంబరు 30 అన్నారు, చివరకు నవంబరు 30 అన్నారు. గడువును రెండుసార్లు మార్చవలసి వచ్చినదంటేనే విషయం కార్మికునికి అర్థంకాలేదని తెలియడం లేదా? పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వ నిర్ణయించినది 2020 డిసెంబరులోనే. నింపురాలో తెలుగు మాట్లాడే ట్రాక్‌మన్ మాత్రం తన ముసలితనాన్ని ఇంగ్లీషు కాగితంలో చదువుకోవలసివచ్చినది.

అయినా ఇతనికి ఆప్షన్ అయినా వున్నది. అదే స్టేషను ప్లాట్‌ఫారాలు ఊడ్చేవారికి, బోగీలు కడిగేవారికి, కాంట్రాక్టరు కింద సామాను మోసేవారికి ఏమున్నది? వారిలో చాలామంది ఆ వర్క్‌షాపు కార్మికుల మనుమలే అన్నది మనం తలవంచుకుని ఒప్పుకోవలసిన సంగతి. వీరికి వర్తించేది 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకం. (అది కూడా నవంబరు 16నే అమలులోకి వచ్చినది, తేదీ ఒక్కటే, ఫలితం వేరు.) పదిహేను వేల రూపాయల వేతన పరిమితికి లోబడి యజమాని వాటాలో 8.33 శాతం ఈ పథకంలోకి పోతుంది. పదేళ్ల సర్వీసు వుంటేనే నెలసరి పెన్షను. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు. తొమ్మిదేళ్ల అయిదు నెలలు పనిచేసినవానికి మాత్రం పెన్షను లేదు; ఏకమొత్తంగా ఇంత చేతిలో పెట్టి పంపుతారు.

కాంట్రాక్టు మారుతుంది, కొత్త కాంట్రాక్టరు మూడు నెలల తరువాత మరల పిలుస్తాడు, మధ్యలో మనిషి సంక్రాంతికి ఊరికి పోయి కోతలకు ఆగిపోతాడు, భార్య ప్రసవానికి మరికొన్ని నెలలు. ఇట్లా పోయిన నెలలను ఎవరూ లెక్కించరు. అరవై ఏళ్లకు చేరువైన తరువాత చూచుకుంటే పదికి ఒకటి తక్కువ.

ఈ సందర్భంలో మరొక దేశపు ఏర్పాటును గమనించవలసి వున్నది. బ్రిటన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నడుస్తున్నది. అక్కడ కొంతకాలం పనిచేసి తరువాత పరదేశంలో స్థిరపడిన పౌరుడు, తన ఖాతాలో లోపించిన సంవత్సరాలకు స్వచ్ఛందంగా చందా చెల్లించి వాటిని పూరించుకోవచ్చును. పూర్తి పెన్షనుకు 35 ఏళ్లు, కనీస అర్హతకు 10 ఏళ్లు కావాలి. సాధారణంగా వెనుకటి ఆరేళ్ల వరకే ఈ వీలు వుంటుంది. 2006 వరకు వెనక్కు పోయి కట్టుకునే ప్రత్యేక అవకాశం 2025 ఏప్రిల్ 5తో ముగిసినది. ఆ దేశాన్ని మెచ్చుకోవడం మన ఉద్దేశం కాదు. భారతదేశంలో నివసించే బ్రిటిష్ పెన్షనరుకు ఏటేటా పెంపు ఇవ్వక, మొదటి రోజు ఇచ్చిన మొత్తం దగ్గరనే ఆపివేసే ప్రభుత్వమది. పరదేశవాసులు తక్కువ రేటుకు కట్టే పద్ధతిని 2026 ఏప్రిల్ 6 నుండి మూసివేస్తామని 2025 నవంబరు బడ్జెట్టులో ప్రకటించినది కూడా. అయినను అందులోని సూత్రం ఒకటి గట్టిది: పోయిన సంవత్సరం శాశ్వతంగా పోయినట్లు కాదు.

ఆ సూత్రాన్ని మన కార్మికునికి అన్వయించి చూడండి. పదిహేను వేల వేతనం మీద 8.33 శాతమంటే నెలకు దాదాపు 1,250 రూపాయలు, ఏడాదికి 15,000. వేతనాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి డెబ్బయితో భాగించే సూత్రం ప్రకారం, పదేళ్లవానికి నెలకు సుమారు 2,143 రూపాయల పెన్షను వస్తుంది. అంటే పదవ సంవత్సరం లోపించినవాడు 15,000 రూపాయలు కట్టుకోగలిగితే, వడ్డీ కలిపినా, ఏడాది తిరగకముందే తన సొమ్ము తనకు చేరుతుంది; తరువాతిదంతా బతికినంతకాలం. ఈ చిన్న వీలు మన చట్టంలో లేదు. స్వచ్ఛందంగా చేరే ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్, అటల్ పెన్షన్ యోజనలు వున్నవి కదా అంటారు. వాటి రెండింటి తలుపూ నలభై ఏళ్లు దాటినవానికి మూసే వుంటుంది. పైగా ప్రావిడెంట్ ఫండు ఖాతా వున్నవానికి మాన్‌ధన్ వర్తించదు.

రాజ్యం తలచుకుంటే పోయిన సర్వీసును తిరిగి ఇవ్వగలదనడానికి రైల్వే కార్మికునికి వేరే సాక్ష్యం అక్కరలేదు. 1974 మే 8న మొదలై 27 వరకు సాగిన సమ్మెకు శిక్షగా సర్వీసులో బ్రేక్ విధించి, వెనుకటి ఏళ్లను ఒక్క ఉత్తర్వుతో తుడిచివేసినారు. 1977లో ప్రభుత్వం మారినది. ఆ ఏళ్లు మరొక ఉత్తర్వుతో తిరిగి వచ్చినవి.

కనుక కాంట్రాక్టు కార్మికునికి లోపించిన సంవత్సరాలను కట్టుకునే హక్కు ఇవ్వాలని మన ఫెడరేషన్ కోరాలి. ఇందులో ఒక ప్రమాదం వున్నది, దానిని ముందే చెప్పుకోవాలి. కాంట్రాక్టరు ఎగవేసిన చందాను కూడా 'స్వచ్ఛందం' పేరుతో కార్మికుని నెత్తిన వేయజూస్తారు. మనిషి పనిచేసిన నెలకు చందా కాంట్రాక్టరుదీ, అతడు కట్టకుంటే పని చేయించుకున్న ప్రధాన యజమానిదీ. పని దొరకని నెలలు మాత్రమే కార్మికుడు కట్టుకోవలసినవి. వాటిలోనూ ప్రభుత్వం వాటా వేయాలి.

హక్కు వచ్చే లోపల చేయవలసిన పని బ్రాంచీలలోనే వున్నది. పని మానగానే పెన్షను సొమ్ము తీసివేయవద్దనీ, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే పాత ఏళ్లు కొత్త ఏళ్లతో కలుస్తాయనీ ప్రతి సభ్యునికీ తెలుగులో చెప్పాలి. మనవారికి ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఆధార్‌లో ఒక తీరున, ఫండు ఖాతాలో మరొక తీరున పడి, ఒకే మనిషి ఇద్దరై కూర్చుంటాడు. క్లెయిము వేసే రోజున కాక, చేరిన నెలలోనే దీనిని సరిచేయించాలి. గోల్‌బజార్‌లో ఆదివారం సంతకు వచ్చే కాంట్రాక్టు కార్మికులు తమ పాసుబుక్కు నకలూ, పాత కాంట్రాక్టర్ల పేర్లూ, పనిచేసిన నెలలూ ఒక కాగితం మీద రాయించుకుని బ్రాంచి కార్యదర్శికి ఇవ్వవచ్చును. రాయలేనివారికి రాసిపెట్టడం కార్యదర్శి బాధ్యత.