ఇంట్రో పేరుతో జరుగుతున్నది కులగణన

కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే ముందు కాలేజీ గేట్ల దగ్గర "ర్యాగింగ్ నిషేధం" బోర్డులకు కొత్త రంగు పడుతుంది. హాస్టల్ గదుల్లో మాత్రం పాత పని పాత పద్ధతిలోనే మొదలవుతుంది. రాత్రి పదకొండు దాటాక జూనియర్లను పిలుస్తారు. తల వంచి చొక్కా మూడో గుండీ చూడమంటారు. పేరు, ఊరు, నాన్న ఏం చేస్తాడు, ర్యాంకు ఎంత. దీనికి ముద్దుపేరు "ఇంట్రో". అమెరికా కాలేజీల్లో ఫ్రటర్నిటీలు, సొరోరిటీలు కొత్త సభ్యుల్ని చేర్చుకునేటప్పుడు జరిపే ఇలాంటి తంతును హేజింగ్ అంటారు. అక్కడా ఇక్కడా దాన్ని సమర్థించేవాళ్ళు చెప్పే మాట ఒక్కటే: కాస్త బాధ పడితే పరాయివాళ్ళు అన్నదమ్ములవుతారు, అక్కచెల్లెళ్ళవుతారు. మన క్యాంపస్‌ల వరకు ఇది పచ్చి అబద్ధం. మన ఇంట్రో ఎవరినీ అన్నదమ్ముల్ని చేయదు. ఎవరిది ఏ కులమో తేల్చి, ఎవరిని ఎంత దూరంలో ఉంచాలో నిర్ణయిస్తుంది.

నేను ఉండేది బిలాస్‌పూర్ పక్కన, లాల్‌ఖదాన్‌లో. 2025 నవంబరు 4న మెము రైలు గూడ్సును ఢీకొన్నప్పుడు తప్ప మా పేటను తెలుగు పత్రికలు పట్టించుకున్నది లేదు. కానీ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర మనుషులు ఇక్కడ పట్టాల పని చేస్తున్నారు. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్ ఏర్పడేనాటికి మాది ఇక్కడ మూడో తరం.

ఈ ఊళ్ళో తెలుగువాడంటే "రావు". అప్పారావు, శ్రీనివాసరావు, జగన్నాథరావు, అందరూ హిందీవాళ్ళ నోట "రావ్ జీ"లే. స్కూలు రిజిస్టర్లలో అసలు ఇంటిపేరు జారిపోయి, రావే ఇంటిపేరై కూర్చుంది. పేరు చివరి మాట చూసి కులం పోల్చుకునే అలవాటున్నవాళ్ళకు ఈ రావు అంతుపట్టదు. బ్రాహ్మణుడు కావచ్చు, వెలమ కావచ్చు, కాపు కావచ్చు, మాల కావచ్చు. రైల్వే కాలనీ దళిత పిల్లలకు అది పదిహేడేళ్ళపాటు దొరికిన చిన్న గొడుగు.

కాలేజీలో చేరిన తొలి వారంలోనే నా గొడుగు ఎగిరిపోయింది. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఇంట్రోలో "రావు" అన్నాను, వాళ్ళకు తేలలేదు. పూర్తి పేరు చెప్పమన్నారు, అయినా తేలలేదు. అప్పుడు పక్క గదిలోంచి ఒక తెలుగు సీనియర్‌ను పిలిపించారు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. "మీ ఇంటిపేరేంటి? మీ తాతది ఊళ్ళో ఏ వీధి?" జవాబు విని, వాళ్ళ వైపు తిరిగి హిందీలో ఒకే మాట చెప్పాడు: కోటా. ఆ ఏడాదంతా మెస్సులో నా పేరు అదే.

నిజానికి నాది కోటా సీటు కాదు. అయ్యే వీలే లేదు. ఆంధ్రలో షెడ్యూల్డ్ కులమైన కుటుంబం ఛత్తీస్‌గఢ్‌కు వలస వస్తే, ఇక్కడి రాష్ట్ర కాలేజీల్లో ఆ హోదా చెల్లదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చేసింది. ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్న కుటుంబం, తండ్రికి బొంబాయిలో ఉద్యోగం, కొడుక్కి అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు ఇవ్వలేదు. 341, 342 అధికరణాల జాబితాలు ఆయా రాష్ట్రాలకే పరిమితమని, ఒక రాష్ట్రంలో వెనుకబడిన కులం మరో రాష్ట్రంలో అదే స్థితిలో ఉండకపోవచ్చని కోర్టు అభిప్రాయపడింది. కులం రాష్ట్ర సరిహద్దు దాటదని రాజ్యాంగ ధర్మాసనం నమ్మింది. కులం పాసింజరు రైల్లో మాతోపాటే వస్తుందని హాస్టల్ సీనియర్లకు తెలుసు. తహసీల్దారు ఆఫీసులో మూడు తరాలుగా దొరకని ధ్రువపత్రం, వరండాలో నిలబెట్టి పదిహేను నిమిషాల్లో చేతిలో పెట్టారు.

ఈ గుర్తింపు తర్వాత ఏమవుతుందో చెప్పడానికి నా అనుభవం చాలా చిన్నది. 2007లో సుఖదేవ్ థోరాట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ మీద ఇచ్చిన నివేదిక తెరిచి చూడండి. దేశంలో అందరికన్నా తెలివైనవాళ్ళు చదువుతారని చెప్పుకునే చోట, వేధింపులు తాళలేక ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు గదులు మార్చుకుంటూ చివరికి హాస్టల్‌లో కొన్ని అంతస్తులకే చేరిపోయారు. ఊరి చివర వాడ ఎలా ఏర్పడుతుందో తెలియనివాళ్ళకు ఆ హాస్టల్ పటం ఒక్కటి చాలు. 2019 మే 22న ముంబయిలోని టోపీవాలా నేషనల్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాయల్ తడ్వి చనిపోయారు. ఆమె తడ్వి భిల్ ఆదివాసీ సమాజం నుంచి వచ్చి గైనకాలజీ పీజీ చేస్తున్న వైద్యురాలు. రిజర్వేషన్ సీటు పేరుతో సీనియర్లు ఎత్తిపొడిచేవారని కుటుంబం ఆరోపించింది. ముగ్గురు సీనియర్ల మీద ఆత్మహత్యకు ప్రేరేపించడం, అత్యాచారాల నిరోధక చట్టం, మహారాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం కింద కేసు పెట్టారు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ లంబాడా పీజీ విద్యార్థిని మరణం కేసులోనూ సీనియర్ మీద ర్యాగింగ్, అట్రాసిటీ సెక్షన్లు రెండూ పెట్టాల్సి వచ్చింది. ఈ రెండు రకాల సెక్షన్లు ఒకే ఎఫ్ఐఆర్‌లో కలవడం యాదృచ్ఛికం కాదు. అవి కలిసేది మాత్రం బిడ్డ ప్రాణం మీదికి వచ్చిన తర్వాతే. బతికుండగా ఆ అమ్మాయి ఫిర్యాదు ఇస్తే అది రెండు వేర్వేరు ఫైళ్ళుగా విడిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చట్టాలకు కొదవ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. అవమానిస్తే ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా నుంచి, ప్రాణం పోవడానికి కారణమైతే యావజ్జీవం దాకా అందులో శిక్షలున్నాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టిన మరుసటి ఏడాదే, 2001లో, అలాంటి చట్టం తెచ్చుకుంది. అదే ఏడాది సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 2007లో రాఘవన్ కమిటీ నివేదిక వచ్చింది. 2009 మార్చిలో హిమాచల్‌లోని టాండా మెడికల్ కాలేజీలో సీనియర్ల దెబ్బలకు అమన్ కచ్రూ చనిపోయాక యూజీసీ నిబంధనలు, హెల్ప్‌లైనూ వచ్చాయి. ఇన్ని ఉన్నా, 2024లో రాయ్‌పూర్ మెడికల్ కాలేజీలో జూనియర్లకు గుండ్లు గీయించారన్న వార్తలు చూసి మా హైకోర్టు తనంత తానే విచారణ చేపట్టాల్సి వచ్చింది.

2009 నిబంధనల్లో కులం అనే మాట లేదు. 2016 సవరణలో వచ్చింది. కులం, మతం, రంగు, భాష, ప్రాంతం, ఆర్థిక స్థితి ఆధారంగా చేసే శారీరక, మానసిక వేధింపు కూడా ర్యాగింగేనని నిర్వచనం విస్తరించింది. మంచిదే. కానీ ఫిర్యాదు విచారించే కమిటీలో ఎవరుండాలో చెప్పే నిబంధనను కదిలించలేదు. అందులో ప్రిన్సిపాల్, పోలీసు, రెవెన్యూ ప్రతినిధులు, స్థానిక విలేకరి, స్వచ్ఛంద సంస్థ మనిషి, అధ్యాపకులు, తల్లిదండ్రులు, కొత్త విద్యార్థులు, పాత విద్యార్థులు ఉండాలి. సభ్యుల్లో వైవిధ్యం కావాలని కూడా రాశారు. ఏ వైవిధ్యం? హోదాల్లో, స్త్రీ పురుషుల్లో. కులం నేరం నిర్వచనంలో ఉంది, తీర్పు చెప్పే బెంచీ మీద లేదు. "ర్యాంకు ఎంత" అన్న ప్రశ్నకు అసలు అర్థం "నువ్వు రిజర్వేషనా" అని, ఆ ప్రశ్న జీవితంలో ఒక్కసారీ వినని నలుగురు కూర్చుని ఎలా తేలుస్తారు? వాళ్ళకది పరిచయ ప్రశ్న. "పిల్లలన్నాక సరదాలుంటాయి" అని ఫైలు మూస్తారు.

కులవివక్ష ఫిర్యాదుకు వేరే దారి ఉంది. యూజీసీ 2012 సమానత్వ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. అవి కాగితాల మీదే ఉండిపోయాయని 2019లో రాధికా వేముల, అబేదా తడ్వి, బిడ్డల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు, సుప్రీంకోర్టు తలుపు తట్టారు. అంటే హాస్టల్‌లో రాత్రి జరిగిన ఒకే సంఘటనలో మోకాళ్ళ మీద నిలబెట్టిన ముక్క ఒక కమిటీకి, "కోటా" అన్న ముక్క మరో విభాగానికి పోవాలి. మొదటి కమిటీ కులం తమ పరిధి కాదంటుంది. రెండో విభాగం ఇది ర్యాగింగ్ కదా అంటుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ఈ రెండు గదుల మధ్య తిరిగి తిరిగి ఇంటికి రైలెక్కుతాడు.

అఫిడవిట్ మాట కూడా చెప్పాలి. విద్యార్థి, తల్లి లేదా తండ్రి ఏటా సంతకం చేసి ఇవ్వాలి. అందులో ఉండేది: మా పిల్లవాడు ర్యాగింగ్ చేయడు, చేస్తే శిక్షకు సిద్ధం. ట్రాక్ మీద పని ముగించుకొని వచ్చిన తండ్రి, చదవలేని భాషలో ఉన్న ఆ కాగితం మీద సంతకం పెడతాడు. ర్యాగింగ్‌కు గురి కాబోయే పిల్లవాడి తండ్రి హామీ ఇస్తున్నాడు. ఆ బిడ్డను కాపాడతామని కాలేజీ ఆయనకు తిరిగి సంతకం పెట్టి ఇచ్చే కాగితం ఏదీ నేను చూడలేదు.

ఫ్రటర్నిటీల దేశం సంగతి కొంచెం. అక్కడ ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా చాలా ఫ్రటర్నిటీలు తెల్లవాళ్ళకే సభ్యత్వమని నియమావళిలోనే రాసుకున్నాయి. అందుకే నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫాను, 1908లో హోవార్డ్‌లో ఆల్ఫా కప్పా ఆల్ఫా సొరోరిటీని కట్టుకున్నారు. మన తెలుగు నేలకు గ్రీకు అక్షరాలు అక్కర్లేదు. కుల హాస్టళ్ళున్నాయి, కార్తీకమాసంలో కులాలవారీ వనభోజనాలున్నాయి. హైదరాబాద్ రెడ్డి హాస్టల్‌కు 1918 నుంచి చరిత్ర ఉంది. వాటి ప్రవేశానికి గుండు గీయించుకోనక్కర్లేదు, పుట్టుకే ప్రవేశపత్రం. పాత నోట్సు, గది, ఇంటర్న్‌షిప్, అమెరికాలో దిగగానే విమానాశ్రయానికి వచ్చే కారు, అన్నీ ఆ బంధంలోంచే వస్తాయి. ఇలాంటి బంధువర్గం లేని మొదటితరం విద్యార్థికి సీనియర్ ఒక్కడే దారి. అందుకే వాడు ఇంట్రోకు తలవంచుతాడు. "సీనియర్లతో సంబంధాలు పెరుగుతాయి" అనేవాళ్ళు ఈ అసమానత మాట ఎత్తరు. ఒకడికి ఊరికే దొరికే నోట్సు, మరొకడు ఆత్మగౌరవం చెల్లించి కొనుక్కోవాలి.

మనవాళ్ళ గురించి కూడా మాట్లాడుకోవాలి. అంబేద్కర్ జయంతికి నీలి కండువా వేసుకుని, జూన్ తర్వాత జూనియర్‌ను మూడో గుండీ చూడమనేవాళ్ళు మనలో ఉన్నారు. "మాకూ చేశారు కదా" అంటారు. 1916లో కొలంబియాలో చదివిన పత్రంలో, కులం ఒకరు అందరి నెత్తినా రుద్దితే రాలేదని, పై వర్గం తలుపు మూసుకోవడం చూసి కింది వర్గాలు అనుకరించడం వల్ల పాకిందని బాబాసాహెబ్ వాదించారు. ఇరవై అయిదేళ్ళ విద్యార్థి రాసిన ఆ పత్రాన్ని హాస్టల్ వరండాలో నిలబడి చదివితే, నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్ కావడం కొత్తగా అర్థమవుతుంది. ఇంట్రో నడిపించే అంబేద్కరైట్‌కు ఆ పేరు చెప్పుకునే హక్కు లేదని నా అభిప్రాయం. ఇది కఠినంగా ఉందని మిత్రులన్నారు. ఉండనివ్వండి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో హాస్టల్ నుంచి గెంటేసిన అయిదుగురు తమ గుడారానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. రోహిత్ వేముల అందులో ఒకడు. లోపలికి రానివ్వడానికి పరీక్ష పెట్టే అధికారం, బయటికి నెట్టే అధికారం ఒకే చేతిలో ఉంటాయని ఆ పేరు చూసినప్పుడల్లా నాకు తోస్తుంది. మా బిలాస్‌పూర్‌లో మనుషులంతా ఒక్కటేనన్న సత్నామీ గురువు ఘాసీదాస్ పేరుతో సెంట్రల్ యూనివర్సిటీయే ఉంది. చుట్టూ డజన్లకొద్దీ కాలేజీలున్నాయి. ఇక్కడి మన విద్యార్థులకు నేను చెప్పేది ఇది. అడ్మిషన్ల వారంలో స్టేషన్ బయట, కాలేజీ గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చోండి. కులం అడక్కుండా నోట్సు ఇవ్వండి, గది వెతికిపెట్టండి, 1800-180-5522 నంబరు కొత్తవాళ్ళ ఫోన్లలో ఎక్కించండి. తర్వాత నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళి ర్యాగింగ్ నిరోధక కమిటీ జాబితా చదవండి. అందులో ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు, విద్యార్థులు ఎంతమంది, వివక్ష వ్యతిరేక అధికారికి ఆ కమిటీలో చోటుందా అని ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి. ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అదే నకలు యూజీసీకి, జాతీయ ఎస్సీ కమిషన్‌కు, ఎస్టీ కమిషన్‌కు పంపండి.