కొత్త పొట్లమా, పాత సున్నిపిండియా?

ఈ మధ్య మన హోసూరు అంగళ్లలో సబ్బు కొన్నవారి చేతిలో దానితోపాటు చిన్న పొట్లమొకటి పడుచున్నది. ముఖమునకు పూసికొను క్రీమో, ముఖము కడుగుకొను ద్రవమో అందులో నుండును. వెల లేదు గనుక వద్దనువారు లేరు. మరునాటి తరగతిలో ఆ సందడి చూడవలెను! ఒకరు పూసికొనుట, పదిమంది వాసన చూచుట, తెల్లబడినానా లేదా యని అద్దమునకై పెనుగులాడుట. బాలురు దీనికి దూరమని ఎవరును భ్రమపడవలదు.

చిన్న పొట్లముల వర్తకము మన తమిళనాడునకు కొత్త కాదు. 1983లో కడలూరులో మొదలైన చిక్ షాంపూ పొట్లములతోనే పల్లెపల్లెకు చేరినది. సీసా కొనలేని ఇంటికి అది మేలే చేసినది. దానిని మేము నిందింపము. ఉచితపు పొట్లముతో మాకు గల పేచీ వేరు. అది ఒకటి రెండు మారులకే సరిపోవును. చర్మపు పైపొర కొత్తగా ఏర్పడుటకో, సుమారు నాలుగు వారములు పట్టును. రెండు పూతలలో మనకు తెలియునది సువాసన, నునుపు, తడి; ఇంతే. మచ్చ పోవునా, మొటిమ తగ్గునా యను ప్రశ్నకు ఆ పొట్లము జవాబు చెప్పజాలదు. చెప్పినట్లు తోచినచో అది దీపపు వెలుతురు చేసిన పని కావచ్చును.

ఇక మన ఇంటి నమ్మకస్తుల మాట. అవ్వ పెసలు విసరి పసుపు కలిపిన సున్నిపిండి, కొబ్బరినూనె, 1916లో మైసూరు సంస్థానము బెంగళూరులో నెలకొల్పిన కర్మాగారపు చందనపు సబ్బు. వీనికి గల గౌరవము ఊరక వచ్చినది కాదు. ఇంటిల్లిపాదియు ఏండ్ల తరబడి వాడి చూచిన మీదట వచ్చినది. అయినను పాతదైనంత మాత్రమున దోషము లేదనుట మేమొప్పము. బరకపిండితో గట్టిగా రుద్దినచో మొటిమలున్న ముఖము ఎఱ్ఱబారి మండును. చలికాలమున పగిలిన కాళ్లకు హితమైన కొబ్బరినూనెయే జిడ్డు ముఖమున మొటిమలను పెంచవచ్చును. నిమ్మరసము పూసికొని ఎండలోనికి పోయినచో బొబ్బలు లేచుట కలదు. సబ్బు క్షారగుణము కలది, చర్మము కొంచెము ఆమ్లగుణము కలది. స్నానానంతరము ఒళ్లు బిగుసుకొనుటకు ఇదియొక కారణము.

కావున రెంటికిని పోటీ పెట్టుడు, కాని న్యాయముగా పెట్టుడు. ముఖము ప్రయోగశాల కాదు. ఎడమ ముంజేతి లోపలి వైపున రూపాయి బిళ్లంత మేర కొత్తది, కుడి ముంజేతిన అలవాటైనది, దినమునకు రెండు మారులు, ఏడు నుండి పది దినములు పూయుడు. కడిగివేయవలసినదైనచో కడిగివేయుడు. ఆ దినములలో మరియొక కొత్త వస్తువును ముట్టవలదు. ముట్టినచో దురద దేనివలన వచ్చినదో తేలదు. ఎఱ్ఱదనము, మంట, పొలుసు కనబడినచో అంతటితో ఆపి, తేదీతో సహా పుస్తకమున వ్రాసికొనుడు. విప్పిన పొట్లమును నెలల తరబడి దాచుట మంచిది కాదు. ఇన్ని దినములకు ఒక పొట్లము చాలదందురేమో. ఒకరి వాటా ఒకరికిచ్చుకొన్నచో చాలును, తరగతి అంతయు పూసికొననక్కర లేదు.

ఇంతవరకు చెప్పినది పేరున్న పొట్లముల సంగతి. పేరు, పదార్థముల పట్టిక, గడువు తేదీ ఏదియు లేక చిన్న డబ్బాలో పెట్టి "వారములో తెలుపు" అని చేతికిచ్చు క్రీమును చూచినప్పుడే మాకు భయము. అట్టివానిలో స్టెరాయిడ్ మందులో, పాదరసమో ఉండుట కలదు. స్టెరాయిడ్ క్రీము మొదటి వారమున నిజముగనే నిగ్గు తెచ్చును. అదియే దాని మోసము. నెలలు గడచిన పిదప చర్మము పలుచనై, ఎఱ్ఱని నరములు తేలి, మానుదమన్నను మంట మాననీయదు. 2018లో ప్రభుత్వము ఇట్టి పూతమందులు పెక్కింటిని వైద్యుని చీటి లేనిదే అమ్మరాదన్నది. 2020 నాటి సౌందర్యసాధనముల నిబంధనల ప్రకారము ముఖపు క్రీములో పొరపాటున చేరిన పాదరసమైనను పది లక్షల భాగములకు ఒక భాగము మించరాదు. ఆ ఏటనే ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని తెలుపును తానే తుడిచివేసికొన్నది. మన ఇండ్లలో మాత్రము "పిల్ల కొంచెము చామనచాయ" యను నిట్టూర్పు ఇంకను వినబడుచునే యున్నది. తలిదండ్రులారా, ఆ నిట్టూర్పు విన్న బాలికయే ఆ డబ్బాకు చేయి చాచుచున్నదని మా అభిప్రాయము.

పదార్థముల పట్టిక ఆంగ్లమున చీమతలకాయలంత అక్షరములలో నుండును. తెలుగు మాధ్యమపు పిల్లలము గదా యని వెనుకాడనక్కర లేదు. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, హైడ్రోక్వినోన్, మెర్క్యురీ అను ఈ అయిదు పేర్లను ఆంగ్లపు వర్ణక్రమముతో సహా ఈ వారమే మన గోడపత్రికకు ఎక్కించుచున్నాము. ఇంటనున్న డబ్బాలను, పొట్లములను తెచ్చి దాని ప్రక్కన పెట్టి సరిచూచుకొనుడు.