నవ్వుల వేదిక మీద నోరు జారితే...

బుర్రకథలో మధ్యన కథకుడు తంబురా మీటుతూ కథ చెబుతుంటే, ఒక పక్క వంత రాజకీయం విసురుతాడు, రెండో పక్క వంత నవ్విస్తాడు. ఈ ముగ్గురి పనీ ఒక్క మనిషే నిలబడి చేస్తే దాన్ని స్టాండప్ కామెడీ అంటున్నారు. వేషం లేదు, పాట లేదు, చేతిలో మైకు తప్ప ఇంకేమీ లేదు. మన పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోను చూస్తూ తమలో తామే నవ్వుకుంటున్నారంటే చాలాసార్లు ఇదే. మనం అటు వెళ్ళగానే చటుక్కున ఆపేస్తారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు కదా... బూతులు!

ఈ విద్య ఇప్పుడున్న రూపంలో పెరిగింది అమెరికాలో. అక్కడివాళ్ళకి సిగ్గూ ఎగ్గూ ఉండదు, వాళ్ళకిది మొదట్నుంచీ మామూలే అనుకుంటాం. కాదండీ. 1952లో ‘ఐ లవ్ లూసీ’ అనే టీవీ హాస్య నాటికలో కథానాయిక లూసిల్ బాల్ నిజంగానే కడుపుతో ఉంది. ఆ సంగతి కథలో కలుపుకున్నారు గానీ, ‘ప్రెగ్నెంట్’ అనే మాట వాడడానికి సీబీఎస్ వాళ్ళు ఒప్పుకోలేదు. ‘ఎక్స్‌పెక్టింగ్’ అనాలిట. మనం ‘నీళ్ళోసుకుంది’, ‘ఒట్టి మనిషి కాదు’ అన్నట్టే!

అలాంటి దేశంలో లెనీ బ్రూస్ అనేవాడు వచ్చాడు. వాళ్ళమ్మ శాలీ మార్ కూడా వేదికల మీద నవ్వించిన మనిషే, అంటే విద్య తల్లి నుంచి వచ్చిందన్నమాట. మతం గురించీ, జాతి ద్వేషం గురించీ, పెద్దమనుషుల దొంగ బుద్ధుల గురించీ మాట్లాడేవాడు. మధ్యమధ్య పచ్చిమాటలు పడేవి. 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అరెస్టు చేశారు. అక్కడి జ్యూరీ వదిలేసింది. 1964లో న్యూయార్కులో మళ్ళీ పట్టుకున్నారు. ఒక తనిఖీ అధికారి హాల్లో కూర్చుని ఇతని మాటలు కాగితం మీద గిలుక్కుని, కోర్టులో వాటిని తనకొచ్చినట్టు చదివి వినిపించాడు. బ్రూస్ గోలంతా అదే. అతగాడు నా హాస్యాన్ని చెడగొట్టి చెబుతుంటే శిక్ష నాకు వేస్తారా అని! ఎంత రుచిగా వండినా పక్కింటావిడ దాన్ని చల్లార్చి, ఉప్పు మరిచి వడ్డిస్తే పేరు మనకే కదా వచ్చేది! నాలుగు నెలల శిక్ష వేశారు. అప్పీలు తేలకుండానే 1966లో, నలభై ఏళ్ళ వయసులో, మత్తుమందు ఎక్కువై పోయాడు. 2003లో న్యూయార్కు గవర్నరు జార్జ్ పటాకీ ఆయనకి క్షమాభిక్ష ప్రకటించాడు. పోయిన 37 ఏళ్ళకి! ఆ రాష్ట్రంలో చనిపోయిన మనిషిని అలా క్షమించడం అదే మొదటిసారి.

తరవాతివాడు జార్జ్ కార్లిన్. టీవీలో అనకూడని ఏడు మాటలంటూ 1972లో ఒక అంశం తయారుచేశాడు. ఆ ఏడూ వరసగా అనేస్తాడు. మిల్వాకీ ఉత్సవంలో చెబితే పోలీసులు పట్టుకెళ్ళారు, జడ్జి కేసు కొట్టేశాడు. 1973లో అలాంటిదే ఇంకో అంశం ఒక న్యూయార్కు రేడియోలో పట్టపగలు వచ్చింది. కారులో కొడుకుతో వెళ్తున్న తండ్రి ఒకాయన విని ఫిర్యాదు చేశాడు. అది సుప్రీంకోర్టు దాకా పోయి, 1978లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పిచ్చారు. మాట నేరం కాదు గానీ, అది ఇంట్లోకి పిలవకుండా వచ్చేస్తోంది, పిల్లలు వింటున్నారు, కాబట్టి అడ్డు పెట్టవచ్చునన్నారు. పంది దొడ్లో ఉంటే ఎవరికీ బాధ లేదు, హాల్లోకి వచ్చి కూర్చుంటేనే తంటా అన్న పోలిక ఆ తీర్పులో ఉంది. ఇంట్లో పిల్లలున్న ఎవరికైనా వెంటనే అర్థమయ్యే మాట! అందుకే అక్కడ మామూలు రేడియో, టీవీల్లో ఇలాంటివి రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి లోపలే. డబ్బు కట్టి పెట్టించుకునే కేబులుకి ఆ అడ్డు లేదు. కార్లిన్ కార్యక్రమాలు అక్కడే ఏళ్ళ తరబడి వచ్చాయి.

అప్పటి నుంచీ ఆ ఏడు మాటలూ అరిగిపోయాయనే చెప్పాలి. ఇప్పుడు అమెరికా వేదికల మీద వాటికి ఎవరూ ఉలిక్కిపడరు. చిత్రమేమిటంటే అప్పుడు తేలిగ్గా అనేసిన మాటలు కొన్ని ఇప్పుడు నోట రాకూడనివయ్యాయి. నల్లవారిని కించపరిచే మాట ఒకటుంది. రిచర్డ్ ప్రయర్ తానూ నల్లవాడే కాబట్టి దాన్ని దర్జాగా వాడేవాడు. ఒక రికార్డుకి ఆ మాటతోనే పేరు పెడితే గ్రామీ బహుమతి కూడా వచ్చింది. 1979లో కెన్యా వెళ్ళి వచ్చాక, ఇక ఆ మాట అననని మానేశాడు. మిగతా బూతులు మాత్రం మానలేదు! ఏ కోర్టూ ఆపలేని నోరు తనంతట తాను ఆగిందంటే నాకు ముచ్చటేస్తుంది.

అదే కాలంలో నోట చెడ్డమాట రాని పెద్దమనిషిగా పేరు తెచ్చుకున్నవాడు బిల్ కాస్బీ. కుటుంబమంతా కూర్చుని చూసే నవ్వులు. బూతులు మానమని తనకి ఫోన్ చేసి బుద్ధి చెప్పాడని ఎడ్డీ మర్ఫీ 1987లో వేదిక మీదే చెప్పి నవ్వించాడు. ఆ కాస్బీ మీద తరవాత పదుల సంఖ్యలో ఆడవాళ్ళు లైంగిక దాడి ఆరోపణలు చేశారు. 2018లో ఒక కేసులో నేరం రుజువైంది. విచారణ సాగిన తీరు సరికాదని 2021లో అక్కడి రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. నోరు శుభ్రంగా ఉంటే మనిషి మంచివాడని లెక్కేసుకునేవాళ్ళం మనం కూడా తక్కువమందిమి కాదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. 2016లో విడుదలైన ‘బేబీ కోబ్రా’లో ఆలీ వాంగ్ అనే ఆవిడ ఏడు నెలలు నిండిన కడుపుతో వేదికెక్కింది. గర్భస్రావం, సంసారం, శరీరం అన్నీ విప్పి మాట్లాడింది. బూతులకీ కొదవలేదు. ‘ప్రెగ్నెంట్’ అనకూడదన్న దేశమే ఇది! నిజం చెప్పాలంటే అందులో కొన్ని మాటలు నాకు మింగుడుపడవు. అయినా గర్భం నిలవనప్పుడు ఆడది పడే అవస్థ అంత సూటిగా నలుగురిలో చెప్పిన మనిషిని చూస్తే ఊరట కలుగుతుంది.

మనవైపు నెలసరి అనడానికి నోరు రాక ‘బయట చేరింది’ అన్నాం ఎన్నో తరాలు. మరి మగవాళ్ళు అరుగు మీద కూర్చుని తిట్టే తిట్లు మాత్రం ఇంట్లో పసిపిల్లలతో సహా అందరికీ వినబడేవి. వాటిల్లో తల్లి ఉంటుంది, అక్కచెల్లెళ్ళు ఉంటారు. భర్త పోయిన ఆడదాన్ని పిలిచే మాటే మనకి పెద్ద తిట్టు! ఇప్పటి కుర్ర కమెడియన్లలో చాలామంది చేస్తున్నదీ ఇదే. నాలుక్కి రుచించే హాస్యం తట్టనప్పుడు తల్లి మీద ఒక మాట విసిరితే హాలు గొల్లుమంటుంది. పసలేని కూరలో కారం గుప్పించినట్టు. దీనికీ, ఆలీ వాంగ్ మాట్లాడినదానికీ తేడా ఉంది. రెంటినీ కలిపి ‘బూతులు’ అనేసి తలుపేసుకోకండి. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మీద మన పెద్దవాళ్ళు పాడిన పాటలు గుర్తు తెచ్చుకోండి, అవేమంత పతివ్రతల్లా ఉండేవా?

మన దేశంలోనూ గొడవలు అయ్యాయి. 2014 డిసెంబరులో ముంబయిలో ఏఐబీ వాళ్ళు చేసిన రోస్ట్ మరుసటి నెల యూట్యూబులోకొచ్చి, పోలీసు కేసుల దాకా పోయింది, వీడియో తీసేశారు. ఇంట్లో చేయగలిగింది మాత్రం ఒకటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఓటీటీల్లో ప్రతి కార్యక్రమానికీ యూ, 7+, 13+, 16+, ఏ అని వయసు గుర్తు ఉండాలి. బూతులుంటే భాష గురించి హెచ్చరిక కూడా కనబడుతుంది. 13+ నుంచి పైవాటికి తాళం పెట్టుకునే సదుపాయం ఇవ్వాలి. సెట్టింగుల్లో పిన్ నంబరు పెట్టుకోవచ్చు. పిల్లల పుట్టినతేదీ మాత్రం పెట్టకండి, వాళ్ళు మొదట ప్రయత్నించేది అదే. ఎవరికివారు యూట్యూబులో పెట్టుకునే చిన్న చిన్న ముక్కలకి ఈ గుర్తులు వర్తించవు. వాటికి పక్కన కూర్చుని చూడడమే, నవ్వొస్తే నవ్వడం, రోత పుడితే ఎందుకు పుట్టిందో పిల్లలతో అనడం.