భాషలకు దొంగ పట్టాలు

ప్రపంచ భాషలన్నింటికీ సంస్కృతమే తల్లి అన్నది ఒక మాట. కంప్యూటరుకు అన్నింటికంటే అనువైన భాష సంస్కృతమేనని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తేల్చిందన్నది రెండవ మాట. ఉర్దూ పరాయి దేశం నుండి సైన్యాల వెంట దిగిన భాష అన్నది మూడవ మాట. ఈ మూడూ ఇప్పుడు విడివిడిగా వినబడటం లేదు. ఒకే నోట, ఒకే ఉపన్యాసంలో, ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. మొదటి రెండింటినీ నవ్వి వదిలేయవచ్చునని కొందరు మిత్రులు అంటారు. మేము ఏకీభవించలేము. రెవెన్యూ దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు దొంగ పట్టా పుట్టే తీరు తెలుసు. తాతల పేరు మీద ముందు ఒక కాగితం పుడుతుంది. ఆ తరువాతనే సాగులో ఉన్న రైతుకు ఆక్రమణదారు అన్న పేరు వస్తుంది. మొదటి రెండు మాటలు ఆ కాగితం. మూడవది మన గుమ్మానికి అంటించే నోటీసు.

కాగితాన్నే ముందు పరిశీలిద్దాం. 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు కృత్రిమ మేధకు సంబంధించిన ఒక పత్రికలో వ్యాసం రాశారు. ఆయన నాసా వారి ఏమ్స్ కేంద్రంలో పనిచేస్తుండిన మాట నిజం. సంస్కృత వైయాకరణులు వాక్యార్థాన్ని విడమరచిన పద్ధతికీ, యంత్రానికి అర్థాన్ని అందించే ఆధునిక పద్ధతికీ పోలిక ఉందన్నది ఆయన వాదన. ఆలోచించదగిన వాదనే. అయితే అది ఒక వ్యక్తి రాసిన వ్యాసమే తప్ప, ఆ సంస్థ ఇచ్చిన తీర్పు కానే కాదు. ఆ వ్యాసమే నోటి నుండి నోటికి పెరిగి నాసా ప్రకటనగా మారింది. 2019లో బొంబాయి ఐఐటీ స్నాతకోత్సవంలో నాటి కేంద్ర మానవ వనరుల మంత్రి స్వయంగా, మాట్లాడే కంప్యూటరు సాధ్యమైతే అది సంస్కృతం వల్లనేనని నాసా చెప్పిందని సెలవిచ్చారు. దాదాపు 4,000 సూత్రాలలో ఒక భాష నిర్మాణాన్నంతటినీ బంధించిన పాణినికి ఈ అరువు కిరీటం ఎందుకో మాకు బోధపడదు.

ఇక తల్లి సంగతి. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగాన్ని ఈ వాదులు తరచు ఉదహరిస్తారు. ఆయన సంస్కృతాన్ని మెచ్చుకున్న మాట వాస్తవం. కానీ సంస్కృతం, గ్రీకు, లాటిను ఈ మూడూ ఒకే మూలం నుండి వచ్చి ఉండాలనీ, ఆ మూలభాష బహుశా ఇప్పుడు లేదనీ కూడా ఆ ప్రసంగంలోనే అన్నారు. అంటే ఆయన లెక్కలో అవి అక్కచెల్లెళ్లు. ఉదహరించేవారు మెప్పును ఉంచుకొని లెక్కను దాచిపెడతారు.

తాజ్‌మహల్‌ను హిందూ కట్టడమని రాసిన పి.ఎన్. ఓక్ మరో అడుగు ముందుకు వేసి, వాటికన్ అన్నది 'వాటిక' అనీ, క్రైస్తవం కృష్ణుని నీతి అనీ శబ్ద సామ్యంతో తేల్చివేశారు. శబ్ద సామ్యమే ప్రమాణమైతే, మనకు బద్‌నామ్, బద్మాష్ వంటి మాటలనిచ్చిన ఫారసీ 'బద్'కూ, ఇంగ్లీషు 'బ్యాడ్'కూ ధ్వనీ ఒకటే, అర్థమూ ఒకటే. అయినా ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదని భాషాశాస్త్రం ఎన్నడో నిర్ధారించింది. మాటలు సంతలో సరుకు వలె చేతులు మారుతాయి. వంశం తేలేది సంఖ్యావాచకాలలో, శరీరావయవాల పేర్లలో, సర్వనామాలలో, క్రియల అల్లికలో. అదీ ధ్వనుల మార్పు ఒక క్రమంలో కనబడినప్పుడే.

తెలుగు సైతం సంస్కృతపు బిడ్డ అనే ఒకప్పటి పండితుల నమ్మకం. మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ 1816లో, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో, తెలుగు, తమిళం, కన్నడం వేరొక కుటుంబమని నిరూపించారు. కాల్డ్‌వెల్ ద్రావిడ వ్యాకరణం వచ్చింది ఆ తరువాత 40 ఏళ్లకు. మన కన్ను తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు. తెలుగులో తత్సమాలు వేలకొలది ఉన్నా ఎముక మాత్రం ద్రావిడం. అదే తెలుగులో దరఖాస్తు, హాజరు, మంజూరు, రద్దు, వసూలు, రసీదు, నకలు, ఫిర్యాదు, జామీను లేనిదే ఏ కార్యాలయమూ ఒక్క పూట నడవదు. ఇవన్నీ అరబీ, ఫారసీల నుండి వచ్చినవే. అంతమాత్రాన తెలుగు అరబీ సంతానమని ఎవరైనా అంటారా?

ఇదే కొలబద్దతో ఉర్దూను చూడండి. ఏక్, దో, తీన్, చార్. హాథ్ అన్నది హస్తం, ఆంఖ్ అన్నది అక్షి, దూధ్ అన్నది దుగ్ధం, రాత్ అన్నది రాత్రి. ఆనా, జానా, ఖానా, పీనా వంటి నిత్యపు క్రియలు, కా, కీ, కే, నే, సే, కో అనే ప్రత్యయాలు అన్నీ ఈ నేలవే. ఫారసీ, అరబీ పదాలు పైన కట్టిన వస్త్రం. కనుక వంశపు లెక్క తీస్తే, తెలుగు కంటే ఉర్దూయే సంస్కృతానికి దగ్గరి చుట్టం! ఉర్దూను వెళ్లగొట్టాలనే సంస్కృతాభిమానులు ఈ చుట్టరికానికి ఏమని జవాబు చెబుతారో వినాలని ఉంది.

సైనిక శిబిరంలో పుట్టిందన్న కథ కూడా పేరును చూసి అల్లినదే. 'ఉర్దూ' తుర్కీ పదం. శిబిరమనీ, రాజు విడిది అనీ అర్థం. కానీ భాషకు ఆ పేరు 18వ శతాబ్దపు చివరి భాగంలో గాని స్థిరపడలేదు. అంతకుముందు శతాబ్దాల పాటు దానిని హిందీ, హిందవీ, దెహ్లవీ, గూజ్రీ, దక్కనీ అన్నారు. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వం చెప్పినప్పుడు గానీ, 1635లో ముల్లా వజ్హీ 'సబ్ రస్' రాసినప్పుడు గానీ ఆ పేరే లేదు. కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. తత్సమం లేని అచ్చతెలుగులో పొన్నెగంటి తెలగన రాసిన 'యయాతి చరిత్ర'ను అంకితం పుచ్చుకున్నది ఆ ప్రభువు కొలువులోని అమీన్ ఖాన్. మన దక్కనీ ఇళ్లలో 'ఆతూఁ బోల్కే బోలా' అంటారు. అది 'వస్తానని చెప్పాడు' అనే తెలుగు వాక్యపు అచ్చులో పోసిన ఉర్దూ. ఢిల్లీవారికి వింతగా తోస్తుంది.

ఇవి పండితుల కాలక్షేపం అనుకునేవారు మహారాష్ట్రలోని అకోలా జిల్లా పాతూరును తలచుకోవాలి. పురపాలక కార్యాలయపు బోర్డు మీద మరాఠీ కింద ఉర్దూ ఉండకూడదని ఒక మాజీ సభ్యురాలు వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భాష మతం కాదనీ, ఉర్దూ ఈ నేల మీద పుట్టిన భాషేననీ చెప్పి 2025 ఏప్రిల్ 15న న్యాయస్థానం ఆ దావాను తోసిపుచ్చింది. ఒక బోర్డు మీది ఒక్క వరుస నిలవడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం కావలసి వచ్చింది.

మన ఇంటి సంగతి చెప్పకుండా కలం దించితే అన్యాయమవుతుంది. అరబీయే సకల భాషలకూ జనని అని మన వేదికల మీద కూడా వింటున్నాం. అరబీ, హీబ్రూ, సిరియాక్ ఒకే మూలం నుండి చీలిన భాషలని 11వ శతాబ్దంలోనే కార్డోబా పండితుడు ఇబ్న్ హజ్మ్ గుర్తించారు. ఒక భాష మరొకదానికంటే శ్రేష్ఠమన్న వాదాన్నీ కొట్టివేశారు. ఇమామ్ సుయూతీ ఖుర్ఆన్‌లోని పరభాషా మూలపు పదాలను ఏరి ప్రత్యేకంగా గ్రంథమే కూర్చారు. వారి విశ్వాసానికి లోటు రాలేదు. భాషల వైవిధ్యాన్ని సూరా రూమ్ అల్లాహ్ సూచనలలో ఒకటిగా లెక్కించింది. అంతకంటే బాధాకరమైనది మరొకటి ఉంది. ఇంట తెలుగు మాట్లాడే దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలతో సంబంధం కలుపుకోవలసి వస్తే 'ఉర్దూ రాదటగా' అని ముఖం చిట్లించే పెద్దలు ఇంకా ఉన్నారు. ఉర్దూ అంటే ఇస్లాం అనే పాతూరు వాదాన్నే వారు టోపీ పెట్టుకొని వినిపిస్తున్నారు.

2001 జనాభా లెక్కలలో ఉర్దూ మాతృభాషగా నమోదైనవారు 5 కోట్ల 15 లక్షలు. 2011లో 5 కోట్ల 7 లక్షలు. దేశ జనాభా పెరుగుతుండగా ఈ సంఖ్య తగ్గింది. ఉర్దూ తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి రెండవ అధికార భాష అయినప్పటికీ, ఉర్దూ బడి అడిగినా, ఉపాధ్యాయుని అడిగినా ముందు సంఖ్య చూపమంటారు. 2027 ఫిబ్రవరిలో గణకులు మళ్లీ మన గుమ్మానికి వస్తారు. మాతృభాష గడి వద్ద ఇంట ఉర్దూ మాట్లాడేవారు ఉర్దూ అనే చెప్పాలి. తెలుగు మాట్లాడేవారు జంకు లేకుండా తెలుగు అనే చెప్పాలి. మసీదులో చదివేది అరబీ కదా అని ఆ గడిలో అరబీ రాయించవద్దు. గణకులు మన మాటతీరు విని తమంతట తామే హిందీ అని నింపుకోకుండా చూడాలి. నమోదైన మాటను పైకి చదివి వినిపించమని అడగండి. విన్న తరువాతే వారిని సాగనంపండి.