అప్పు ఆమె పేరున, అమ్మకం ఆయన పేరున

సంక్రాంతి దాటిందంటే పల్నాడులో మిరప కల్లాలన్నీ ఎరుపెక్కుతాయి. మాచర్ల, గురజాల, దాచేపల్లి, రెంటచింతల, ఎటు పోయినా అదే దృశ్యం. ఆ కల్లాల మీద వంగిన నడుములు ఎవరివో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. నారు నాటింది, కలుపు తీసింది, కాయ కోసింది ఆడవాళ్ళు. ఎండబోసింది, మంచుకు తడవకుండా పట్టాలు కప్పింది, తాలుకాయ ఏరింది ఆడవాళ్ళు. చేతుల మంటతో అన్నం ముద్ద కలుపుకోలేని రోజులు గడిపిందీ ఆడవాళ్ళే. టిక్కీలు లారీకెక్కే దాకా పంట ఆమె చాకిరీ. లారీ కదలగానే అది ఆయన ఆస్తి. గుంటూరు యార్డులో ఆ లాటు ఎంతకు పోయింది, కాటాలో ఎంత తూగింది, కమిషన్ కొట్టులో ఎంత కోశారు, ఇవేవీ ఆమెకు తెలియవు. ఆయన తిరిగొచ్చి చెప్పిందే లెక్క.

ఇప్పుడు మనకు కొత్త పాఠం చెబుతున్నారు. ఆన్‌లైన్ వేలం వచ్చింది, ఇక దళారుల బెడద తీరింది, ఫోను పట్టుకోవడం నేర్చుకుంటే దేశమంతా మీ సరుకు కొంటుంది అంటున్నారు. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ఈ-నామ్ పేరుతో జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను మొదలుపెట్టింది. గుంటూరు మిర్చి యార్డు కూడా అందులో చేరింది. పద్ధతి చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. గేటు దగ్గర రైతు వివరాలు రాసుకుని లాటు నెంబరు ఇస్తారు. నమూనా తీసి నాణ్యత పరీక్షిస్తారు. ఆ వివరాలు చూసి వ్యాపారులు కంప్యూటర్లోనో ఫోనులోనో ధర వేస్తారు. ఎక్కువ ధర వచ్చాక ఒప్పుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు రైతుదే. తర్వాత కాటా, బిల్లు, బ్యాంకు ఖాతాలో డబ్బు.

బాగుంది. అయితే ఆ రైతు ఎవరు? గేటు దగ్గర రాసుకునే పేరు ఎవరిది? డబ్బు పడే ఖాతా ఎవరిది? ఈ ప్రశ్నలు అడగని శిక్షణ తరగతి ఎన్ని గంటలు నడిస్తే మాత్రం ఏం లాభం?

లెక్కలు చూద్దాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు సాగుచేసేవారిగా నమోదైన వాళ్ళలో స్త్రీలు 14 శాతం లోపే. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడో ఒకప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు దాదాపు 49 మంది. అంటే పంట ఆమెదని చెప్పే కాగితమూ లేదు, వేలం నడిచే ఫోనూ లేదు. ఆ రెండూ లేని మనిషికి దేశమంతా మార్కెట్ తెరిచామంటే ఎవరిని మభ్యపెట్టడానికి?

ఇంట్లో అడిగితే వచ్చే జవాబు మనకు తెలిసిందే. ‘ఎవరి పేరున అమ్మితే ఏంటి, డబ్బు వచ్చేది ఇంటికేగా?’ అంటారు. మరి అప్పు దగ్గర ఈ మాట ఎందుకు రాదు? డ్వాక్రా రోజుల నుంచీ బ్యాంకు అప్పు ఆడవాళ్ళ పేరునే తెస్తున్నాం. సంతకం ఆమెది. నెలనెలా మీటింగులో కూర్చుని జవాబు చెప్పేది ఆమె. కంతు తప్పితే పదిమందిలో మాటపడేది ఆమె. ఆ డబ్బు విత్తనాలకీ పురుగుమందుకీ పోతుంది. ఆ పెట్టుబడితో పండిన పంట మాత్రం ఆయన పేరున అమ్ముడుపోతుంది. అప్పు ఆమెది, రాబడి ఆయనది. పేరుతో పనిలేదంటే అప్పులు కూడా ఆయన పేరునే రాయించుకోమనండి, ఎంతమంది ఒప్పుకుంటారో చూద్దాం.

పేరుతో ఎంత పనుందో ధర పడిపోయిన ఏడాది తెలుస్తుంది. 2017లో మిర్చి ధర కుప్పకూలినప్పుడు కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు కొనే పథకం ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ పడిపోతే 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఆ సాయం సరిపోయిందా, అందరికీ అందిందా అన్నది వేరే తగవు. అసలు అడగాలంటేనే రైతునని చూపించే కాగితం కావాలి. భర్త చనిపోయి మామగారి పేరున ఉన్న పొలం చేసుకుంటున్న స్త్రీ ఏం చూపిస్తుంది? కౌలుకి చేసుకునే స్త్రీ ఏం చూపిస్తుంది? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకి కార్డు ఇస్తామంటూనే భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టే యజమానులు ఎందరో పల్నాడు కౌలు రైతులనడగండి.

ఆడపిల్లకు ఆస్తిలో వాటా చట్టం మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. నలభై ఏళ్ళైనా పాసుపుస్తకంలో ఆమె పేరు రాయడానికి చేతులు రావడం లేదు. అలాంటి చోట వేలం కంప్యూటర్లోకి ఎక్కితే న్యాయం దానంతటదే దిగివస్తుందా?

ఒక్క పేరుతోనే అన్నీ తీరవని కూడా చెప్పుకోవాలి. పెట్టుబడికి అప్పిచ్చిన కమిషన్ కొట్టుకే సరుకు తోలాలి. అక్కడ ‘ఈ ధర నాకొద్దు’ అనే హక్కు కాగితం మీదే మిగులుతుంది. వ్యాపారులు ముందే ధర మాట్లాడుకుని తర్వాత కంప్యూటర్లో ఎక్కిస్తే దాన్ని వేలం అనరు, పద్దు రాయడం అంటారు. దేశంలో చాలా యార్డుల్లో జరుగుతున్నది ఇదేనన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. కర్నూలు వైపు నుంచి పిల్లలతో సహా వలస వచ్చి కాయ కోసే కూలీ స్త్రీలకైతే అమ్ముకోవడానికి లాటే లేదు. వాళ్ళకి ఈ వేలంతో ఉన్న సంబంధమల్లా ధర పడితే కూలి కోయడం.

అయినా ఈ తలుపు మూసేసి కూర్చోమని మేం అనడం లేదు. ఉన్నంతలో మొదలుపెడదాం. ముందు ఆమె పేరున, ఆమె చేతిలో ఉండే బ్యాంకు ఖాతా, ఫోను నెంబరు ఉండాలి. గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం తీసుకుని మార్కెట్ కమిటీ దగ్గరకు పోయి ఈ-నామ్‌లో తన పేరు నమోదు చేయించుకోవాలి. గేటు దగ్గర ఎవరి నమోదు చెబితే లాటు వాళ్ళ పేరునే నడుస్తుంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి. లాటు చీటీ, నాణ్యత వివరాలు, కాటా పట్టీ, బిల్లు అడిగి తీసుకుని దాచుకోండి. లారీ వెంట ఒక్కరు కాకుండా నలుగురు కలిసి పోండి. 2020 ఏప్రిల్ నుంచి రైతు ఉత్పత్తిదారుల సంఘాలు సరుకును యార్డుకు మోయకుండానే తమ దగ్గర నుంచే ఈ-నామ్‌లో వేలానికి పెట్టే వీలు కల్పించారు. 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద పొదుపు సంఘాలు నడిపిన అనుభవం మన ఆడవాళ్ళకుంది. పొదుపు చేయడానికి పనికొచ్చిన సంఘం పంట అమ్మడానికి ఎందుకు పనికిరాదు?

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇదీ. సాగుచేసే ప్రతి స్త్రీనీ, పట్టా ఉన్నా లేకపోయినా, రైతుగా నమోదు చేయాలి. కౌలు కార్డుకి యజమాని సంతకం షరతు ఉండకూడదు. కమిషన్ కొట్టు అప్పు మీద ఆధారపడకుండా పంట రుణం నేరుగా ఆమెకివ్వాలి. యార్డుకి వచ్చే స్త్రీలకు రాత్రి ఉండే చోటు, మరుగుదొడ్లు, లెక్క చెప్పే మనిషి ఉండాలి. లాట్లలో స్త్రీల పేరున ఎన్ని నమోదయ్యాయో యార్డు ఏటా ప్రకటించాలి.

ఇంట్లో అడగాల్సింది ఒక్కటే: ఈసారి లాటు నా పేరున రాయించు. చిన్న మాటే. ఇంట్లో ఎంత పెద్ద గొడవ లేస్తుందో చూస్తే అందులో ఎంత అధికారం దాగుందో తెలుస్తుంది. వచ్చే కోతలు ముగిసేసరికి మీ ఊరి నుంచి పోయిన లాట్లలో ఎన్ని ఆడవాళ్ళ పేరున పడ్డాయో లెక్కపెట్టండి. ఒక్కటే అయినా సరే, ఈ పత్రికకు రాయండి.